నాలుగు వేళ్ళ బియ్యం

ఆయన పోయిన సంగతి నాకు మూడో రోజున తెలిసింది. అదీ ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. నేనెప్పుడో చప్పుడు రాకుండా ఆపేసిన పాత వాట్సాప్ గ్రూపు ఒకటుంది. వేరే నంబరు కోసం వెతుకుతుంటే అందులో ఆయన ఫొటో, దాని కింద వరసగా దండం పెట్టే చేతులు కనిపించాయి. ఏదో సెట్లో నిచ్చెన పక్కన నిలబడి ఉన్నాడు, చెవి వెనక సుద్దముక్కతో. వడ్రంగులు పెన్సిలు పెట్టుకునేచోట ఆయన సుద్దముక్క పెట్టుకునేవాడు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆ సందులో ఇంకా ఉంటున్నవాళ్ళు మిగతావాళ్ళని కూడా పోల్చుకుంటారు. ఆ మిగతావాళ్ళలో మొదటివాణ్ణి నేను.

ఫిల్మ్ నగర్ అనగానే బయటివాళ్ళకి పెద్ద పెద్ద గేట్లూ, గేట్ల వెనక కుక్కలూ గుర్తొస్తాయి. ఆ గేట్లు దాటి గుట్ట వాలులోకి దిగితే బస్తీ ఉంది. లైట్లు మోసేవాళ్ళు, బట్టలు ఇస్త్రీ చేసేవాళ్ళు, గుంపులో నిలబడేవాళ్ళు, నాలాగా ఇంకొకరి పేరు మీద డైలాగులు రాసేవాళ్ళు, అందరం ఒకే సందులో పదకొండేళ్ళు ఉన్నాం. ఆయనది ఆర్ట్ డిపార్ట్‌మెంటు. సెట్లో ఇల్లు కట్టడం ఒకరి పని, దాంట్లో మనుషులు కాపురం చేస్తున్నట్టు సామాన్లు సర్దడం ఆయన పని.

మొదటిసారి చూసింది ఒక కిరాణా కొట్టు సెట్లో. అప్పుడు నేనొక మాటల రచయిత దగ్గర సహాయకుణ్ణి. సీన్ పేపర్లు పట్టుకుని ఎండలో తిరగడం తప్ప నాకు పనేమీ లేదు. కొట్టు ముందు పదహారు బస్తాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఊరికే నిలబడలేక ఒకదాంట్లో చెయ్యి పెట్టాను. మణికట్టు మీద చురుక్కుమని ఒక దెబ్బ పడింది.

“తియ్ తమ్మీ చెయ్యి. లోపటంత రంపపు పొట్టే. బియ్యం మీద మీద సర్దిన.”

నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చి అడ్డంగా పట్టి చూపించాడు. “కెమెరకు గింత లోతు సాలు. గంతకన్న లోతు అది జూడదు. మనిషి గూడ జూడడు.”

ఆ చివరి మాట బాగుందని పుస్తకంలో రాసుకున్నాను. తర్వాత ఒక సినిమాలో వాడాను కూడా. ఎడిటింగులో పోయింది.

సెట్లో పొట్టు పోసే మనిషి ఇంట్లో మాత్రం అడుగుదాకా బియ్యమే పోసేవాడు. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు గదిలో ఒక గోడంతా డబ్బాలు. కింద వరసలో బియ్యానికి పెద్ద నూనె డబ్బాలు. పైన పప్పులకీ చింతపండుకీ రీలు డబ్బాలు. సినిమాలు రీళ్ళలోంచి కంప్యూటర్లలోకి పోయిన రోజుల్లో తుక్కు కింద బయట పారేస్తుంటే ఏరుకొచ్చిన గుండ్రటి రేకు డబ్బాలవి. ఒక్కో దాని మీద సుద్దతో, ఏ సినిమా డబ్బులతో కొన్నాడో రాసి ఉండేది. పోలీసు పిక్చర్. దెయ్యం పిక్చర్. పెండ్లి పిక్చర్. సగంల ఆగిన పిక్చర్.

వదిన చారు పెట్టబోతూ “ఏ చింతపండు తియ్యాలె?” అని అడిగేది. నేనాయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి కాబట్టి ఆమె నాకు వదిన.

“దెయ్యం పిక్చర్‌ది ముందుగాల ఒడగొట్టు. పోలీసు పిక్చర్‌ది ఎండకాలం దాక ఉండని,” అనేవాడు, ఎంతో ముఖ్యమైన విషయం తేలుస్తున్నట్టు.

సినిమా పూర్తయి డబ్బులు చేతికొచ్చిన రోజు ఆయన నేరుగా ఇంటికి వచ్చేవాడు కాదు. ట్రాలీ ఆటోలో, బస్తాల మీద కూర్చుని వచ్చేవాడు. మర్నాడు గుమ్మం ముందు కందిపప్పుకి ఆముదం పట్టించే పని. మోచేతులదాకా జిడ్డుతో మెరుస్తూ, పప్పుని అరచేతులతో రుద్దుతూ, దారిన పోయే ప్రతివాడికీ ఒకటే బోధ: “పని ఉన్నప్పుడు కొనుక్కో, పని లేనప్పుడు తిను. ఆర్నెల్లకు సరిపోను ఇంట్ల ఉండాలె.” ఆర్నెల్లన్నది ఆయన కొలత. ఉప్పు ఆర్నెల్లు, సబ్బులు ఆర్నెల్లు, అగ్గిపెట్టెలు ఆర్నెల్లు. వదినకి షుగర్ ఉంది. ఆమె గోలీలు మాత్రం పాతబడతాయని మూడు నెలలకే తెచ్చేవాడు. పిల్లల్లేరు. ఇద్దరు మనుషులకి ఇంత సరుకేమిటని సందంతా నవ్వేది.

సినిమా ఆగిపోతుందని మా అందరికంటే ముందు ఆయనకి తెలిసేది. లెక్కలు చూసి కాదు, పొద్దున్న పెట్టే టిఫిన్ చూసి. “ఇడ్లీ, వడ, పూరీ నడిచినన్ని దినాలు పిక్చర్‌కు జబ్బు లేదు. ఉప్మా దిగిందంటే ప్రొడ్యూసర్ చేతిల పైసలు ఒడిసినయ్. ఉప్మాల జీడిపప్పు గూడ లేదంటే సామాన్ సర్దుకో తమ్మీ.” నాకు తెలిసి ఈ జోస్యం ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆయనకి ‘కరువు సాబ్’ అని పేరు పెట్టింది నేనే. అంతటితో ఆగలేదు. చింతపండు డబ్బాకి తాళం వేసుకుని తాళంచెవి మొలతాడుకి కట్టుకునే పిసినారి ఒకణ్ణి రాసి, ఒక సినిమాలో కామెడీ ట్రాకుగా పెట్టించాను. హాల్లో జనం పడీ పడీ నవ్వారు. ఆయన కూడా టికెట్ కొనుక్కుని వెళ్ళి చూసొచ్చాడు. తిడతాడనుకున్నాను. “ట్రాకు మంచిగున్నది. గని డబ్బాలు ఎవడు సర్దిండు? పెద్దయి మీద వెట్టి చిన్నయి కింద వెట్టిండు. ఇంట్ల ఎవడన్న గట్ల వెడ్తడా?” అన్నాడు.

ఆయన డబ్బాలకి ఏనాడూ తాళం లేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. ఒకసారి కూలీ పెంచాలని షూటింగులన్నీ ఆగిపోయినప్పుడు మా ఇంట్లో పదిరోజులకే బియ్యం అయిపోయాయి. నేను అడగలేదు. ఆయనే సంచి తెచ్చి గుమ్మంలో దింపాడు. పని మొదలయ్యాక నేను అంతే బియ్యం కొని తీసుకెళితే తీసుకోలేదు. “కొత్త బియ్యం పాతదాంట్ల కలుస్తే పురుగు వడ్తది తమ్మీ. తీస్కపో, నీ ఇంట్లనే ఉంచుకో.” నిజంగా పురుగు భయమే అనుకుని సంతోషంగా వెనక్కి తెచ్చుకున్నాను.

తర్వాత కరోనా వచ్చింది. ఆ పేరు ఒక్కటి చెబితే చాలు, మిగతాది అందరికీ తెలుసు. షూటింగులు ఎప్పుడు మొదలవుతాయో చెప్పేవాడు లేడు. మొదటి నెలలో ఆ రేకుల ఇంటి డబ్బాలు సందంతా తిరిగాయి. వదిన సోలతో కొలిచి పోసేది, తలకొట్టి కాదు, కుప్పగా. కరువు సాబ్ అన్న నోళ్ళన్నీ ఆ గుమ్మంలో సంచులు పట్టుకుని నిలబడ్డాయి. మా ఇంటికి రెండుసార్లు బియ్యం వచ్చాయి. ఇద్దరికి ఆర్నెల్లని వేసుకున్న లెక్కని యాభై ఇళ్ళు తింటే ఎన్నాళ్ళు వస్తుందో చిన్నపిల్లవాడైనా చెప్పగలడు. మాలో ఎవరమూ ఆ లెక్క వెయ్యలేదు.

రెండో నెలలో జూబ్లీహిల్స్‌లోని ఒక నిర్మాత ఆఫీసు నుంచి మేనేజర్ నాకు ఫోన్ చేశాడు. సందులో చదువుకున్నవాణ్ణి నేనే అని ఎవరో చెప్పారట.

“నలభై కిట్లు వచ్చాయండీ మీ సందుకి. బియ్యం, పప్పు, నూనె, చక్కెర, అన్నీ ఉంటాయి. మీరు లిస్టు రాసి పంపించండి.”

“యాభై మూడు ఇళ్ళున్నాయండీ.”

“నలభయ్యేనండీ సార్ ఇచ్చింది. ఇంట్లో నిల్వలున్నవాళ్ళని తీసెయ్యండి. మీకు తెలుసు కదా ఎవరెవరో.”

కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. పదముగ్గురిని కొట్టేసే అధికారం చేతికొచ్చేసరికి నా నడకే మారిపోయింది. ఆయన గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి పన్నెండు పేర్లు కొట్టేశాను. ఇంకొక్కటి కొట్టెయ్యాలి.

నన్నూ నా చేతిలో కాగితాన్నీ చూశాడు. నేనేమీ అడగకముందే గోడ దగ్గరికి వెళ్ళి కింది వరసలో మూడు డబ్బాల మూతలు తీశాడు. మూడింట్లోనూ అంచుదాకా బియ్యం, పైన చదునుగా, చక్కగా.

“రాసుకో తమ్మీ. నిండుగున్నయ్. మాకేం ఫికర్ లేదు.”

వదిన లోపలి గది తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

“ఎన్ని వచ్చినయ్?” అన్నాడు.

“నలభై అన్నా.”

“నీ ఇంట్ల ఉన్నయా?”

“ఏదో ఉన్నాయిలే అన్నా.”

“అయితే నీ పేరు రాసుకోకు. లిస్టు రాసేటోని పేరు లిస్టుల ఉండొద్దు. జర ఇజ్జత్ ఉంటది.”

సరే అని తలూపాను. అక్కడే, ఆయన ఎదురుగానే, ఆయన పేరు కొట్టేశాను. ఇంటికి వెళ్ళి నా పేరు రాసుకున్నాను. అప్పటికి మా ఇంట్లో ఇరవై రోజులకి సరిపడా ఉన్నాయి. అందులో సగం ఆయనిచ్చినవే. భయంతో రాసుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. భయం అందరికీ ఉంది. కాగితం నా చేతిలో ఉంది.

తర్వాత పది రోజులకి, పొద్దున పదకొండు గంటలప్పుడు ఆయన కేక వినిపించింది. నేనూ మా ఆవిడా పరుగెత్తాం. వదిన పెరటి మెట్ల కింద పడి ఉంది. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, ఒక కాలు వంకరగా మడత పడి ఉంది. మూడు నెలల గోలీలు దాచుకున్నారు కదా, అవి మాత్రం ఉన్నాయి. ముందురోజు రాత్రి నుంచీ తిండి లేకుండా, వేళ తప్పకూడదని గోలీ వేసుకుంది, ఒంట్లో చక్కెర పడిపోయింది.

మా ఆవిడ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని “చక్కెర తెండి, ముందు చక్కెర తెండి” అని అరిచింది.

చక్కెర ఏ డబ్బాలో ఉంటుందో నాకు తెలుసు. పెండ్లి పిక్చర్. మూత తీస్తే ఖాళీ. చీమలకి భయపడి చక్కెర పొట్లాన్ని బియ్యంలో పూడ్చిపెట్టే అలవాటు ఆయనకుంది. నూనె డబ్బాలో చెయ్యి దూర్చాను. అంచుకి నాలుగు వేళ్ళ కింద కాగితం తగిలింది, దాని మీద నాలుగు గింజలు తప్ప బియ్యం లేవు. కాగితం కింద రంపపు పొట్టు. పక్క డబ్బా, దాని పక్క డబ్బా, అన్నీ అంతే.

ఇంటికి పరుగెత్తాను. మా ఇంట్లో ఉన్న చక్కెర కిట్‌లోదే. ఆ పొట్లం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. దాని మీద ఆ నిర్మాత నవ్వుతున్న ఫొటో, కింద కంపెనీ పేరు, పెద్ద స్టిక్కరు. చింపే తెలివి నాకు లేకపోయింది. ఆయన దాన్ని ఒకసారి చూశాడు, నన్ను చూడలేదు. గ్లాసులో పోసి, నీళ్ళు కలిపి, చెంచాతో వదిన నోట్లో పోశాడు. కాసేపటికి ఆమె కళ్ళు తెరిచింది.

ఆమె బతికింది గానీ తుంటి ఎముక విరిగింది. ఆ రోజుల్లో ఆసుపత్రుల దృష్టిలో జ్వరం తప్ప మరేదీ జబ్బు కాదు. రెండు చోట్ల తిప్పి పంపించేశారు. మూడోచోట చేర్చుకునేసరికి ఆలస్యమైంది. ఎముక వంకరగా అతుక్కుంది. అప్పటి నుంచి ఆమె చేతికర్ర లేకుండా నడవలేదు.

షూటింగులు మళ్ళీ మొదలయ్యాయి. ఆయన మళ్ళీ పనిలోకి వచ్చాడు. మళ్ళీ వంటిళ్ళు సర్దాడు. కానీ ట్రాలీ ఆటో మాత్రం మళ్ళీ ఆ సందులోకి రాలేదు. ఒక సాయంత్రం సందు మొదట్లో కనిపించాడు, చేతిలో కందిపప్పు అరకిలో ప్యాకెట్. ఆయన చేతిలో అరకిలో ప్యాకెట్ చూడడం నాకదే మొదలు.

“అదేంటన్నా, బస్తా తేలేదా?”

“బంద్ వెట్టిన.”

“ఎందుకు?”

“దాచిపెట్టుకున్నోడు తలుపు ఏసుకోని తినాలె తమ్మీ. పక్కింట్ల పిల్లలు ఏడుస్తుంటే ఇనబడనట్టు తినాలె. గది రానోడు దాచుడు ఎందుకు? దాచుడు వచ్చింది నాకు, తినుడు రాలే.” ప్యాకెట్ ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. “దాని కాలు వోయింది గీ తెలివితక్కువ పనికి.”

నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. కిట్ సంగతి ఆయన చూడనే చూశాడు. చెప్పాల్సింది అది కాదు, ఇంకొకటుంది. చెప్పలేదు. “పైలం అన్నా” అని ఏదో అన్నాను. ఆ తర్వాత నాకు రోజులు కలిసొచ్చాయి. తెరమీద నా పేరు రెండుసార్లు పడింది. శ్రీనగర్ కాలనీకి మారిపోయాం. అక్కడి నుంచి ఆ సందుకి ఆటోలో పావుగంట. ఆ పావుగంట దూరం నేను మూడేళ్ళపాటు వెళ్ళలేదు.

ఫొటో చూసిన రోజు మధ్యాహ్నం వెళ్ళాను. ముందు గదిలో గోడ దగ్గర డబ్బాలు లేవు. ఎవరికో అమ్మేశారట. వదిన మంచం మీద కూర్చుని ఉంది, కర్ర ఒళ్ళో పెట్టుకుని. నేను కింద కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. ఎలా పోయాడో చెప్పింది. సెట్లో పనిచేసి వచ్చి, గుండెలో మంటగా ఉందని పడుకుని, మళ్ళీ లేవలేదట. ఎవరెవరు వచ్చారో చెప్పింది. పక్కింటామె నీళ్ళిచ్చి వెళ్ళిపోయింది.

“వదినా, ఆ రోజు లిస్టులో అన్న పేరు కొట్టేసి నా పేరు రాసుకున్నాను,” అన్నాను.

“తెల్సు. చక్కెర పొట్లం మీద బొమ్మ నేను గూడ జూసిన. నీ చక్కెరతోనే లేచిన, గది గూడ మరువలే. నేను నిన్ను తిట్టని దినం లేకుండె తమ్మీ. కర్ర అందుకున్నప్పుడల్ల తిట్టేదాన్ని. మీ అన్న తిట్టనియ్యకపోయేది.”

“ఏమనేవాడు?”

“ఏమంటడు? ‘వానికేం తెల్సు, నేనే కండ్లకు గంతలు గట్టిన. మూతలు దీసి సూపెట్టిన. నిండుగున్నయనుకోని కొట్టేసిండు. తెల్సుంటే వాడు గట్ల జెయ్యడు, మంచి పిల్లగాడు’ అంటుండె.”

ఇక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఇన్నేళ్ళూ మూసుకున్నవాణ్ణే.

“నాకు తెలుసు వదినా,” అన్నాను. “నేను మాస్కు గడ్డం కిందికి దింపుకుని ఉన్నాను. ఈ గదిలో ఎప్పుడూ ఉండే ఆముదం వాసన ఆ రోజు లేదు. పొట్టు వాసన వేసింది. సెట్లలో తిరిగినవాణ్ణి, నాకు తెలియదా? డబ్బాలో చెయ్యి పెడితే తేలిపోయేది. పెట్టలేదు. తేలితే ఆయన పేరు రాయాలి, నా పేరు తీసెయ్యాలి. అందుకని పెట్టలేదు.”

ఆమె ఒళ్ళో ఉన్న కర్ర అందుకుంది. దాన్ని నేలకి ఆనించి, మంచం పట్టె పట్టుకుని, మెల్లగా లేచి నిలబడింది. నేను సాయం పట్టబోతే చెయ్యి విదిలించేసింది.

“మీ అన్న ఉండంగ చెప్పకపోతివి, గదొక్కటి మంచి పని జేసినవ్,” అంది. “ఇగ పో. మల్ల రాకు.”